విలేకరికి ఫోన్ చేసే ముందు ప్లాంట్ మేనేజరుకు చేయండి

పీఆర్‌లో (పబ్లిక్ రిలేషన్స్, అంటే కంపెనీ తరఫున పత్రికలతో మాట్లాడే పనిలో) కొత్తగా చేరిన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "మేడం, రిపోర్టర్లతో పరిచయాలు ఎలా పెంచుకోవాలి?" దీనికి మా ఫీల్డులో రెడీమేడ్ జవాబులు బోలెడు. పుట్టినరోజుకు మెసేజ్ పెట్టు, దీపావళికి స్వీట్ బాక్స్ పంపు, వీలున్నప్పుడల్లా సోమాజిగూడ ప్రెస్ క్లబ్ వైపు వెళ్లి నలుగురితో టీ తాగు, వాళ్ల ఇంట్లో పెళ్లయితే తప్పకుండా వెళ్లు. ఇవి చేయకూడని పనులని నేననను. మనుషులతో పనిచేసేటప్పుడు పలకరింపులు ఉండాల్సిందే. కానీ ఇవన్నీ తు.చ. తప్పకుండా చేసినవాళ్లకి, తీరా అవసరం పడ్డ రోజున ఒక్క రిపోర్టరూ ఫోన్ ఎత్తకపోవడం చూశాను. నమస్కారానికి ప్రతినమస్కారం తప్ప వేరే పరిచయం లేనివాళ్లకి, పేజీ అచ్చుకు వెళ్లిపోతున్న వేళ డెస్కు నుంచి "చెప్పండి మేడం, మార్చి పెడతాం" అనే మాట దక్కడమూ చూశాను.

తేడా ఎక్కడుంది? నా నమ్మకం ఇది. రిపోర్టరుతో మన సంబంధం మన కంపెనీ లోపలే తయారవుతుంది. ఎండీ గదిలోకి వెళ్లి "ఇది నిజమేనా సార్?" అని అడగగలిగే చనువు, రాత్రి ఎనిమిదింటికి చేసినా ప్లాంట్ మేనేజరు మన ఫోన్ ఎత్తే అలవాటు, లీగల్ వాళ్లతో కూర్చుని వాదించే ఓపిక ఉంటే రిపోర్టర్లు వాళ్లంతట వాళ్లే మనల్ని వెతుక్కుంటూ వస్తారు. అవి లేకపోతే మన దగ్గర వాళ్లకు కావాల్సింది ఏమీ లేనట్టే. ఆ సంగతి వాళ్లకు రెండో ఫోన్‌కే అర్థమైపోతుంది.

నేను మొదట ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేసి, తర్వాత పీఆర్‌కి వచ్చాను. ఫోనుకు రెండు చివరలా కూర్చున్నాను కాబట్టి ఆ ఫోన్ ఎలా నడుస్తుందో ముందు చెబుతాను.

సాయంత్రం ఏడు దాటుతుంది. మండలం నుంచి ఒక విలేకరి ఫోన్ చేస్తాడు. "మేడం, మీ ఫ్యాక్టరీ వెనక వాగుల చేపలు చచ్చి తేలినయ్. ఊరోళ్లు రోడ్డెక్కిన్రు. ఫొటోలున్నయ్ నా దగ్గర. ఎనిమిదింటికి పేజీ పోతది, జర మీ వెర్షన్ ఇస్తరా?" మర్యాదగానే అడుగుతాడు. పీఆర్ మనిషి ప్లాంట్ మేనేజరుకు ఫోన్ చేస్తుంది, రింగవుతూ ఉంటుంది. హెచ్‌ఆర్‌కి చేస్తే హెడ్డాఫీసును అడగమంటారు. హెడ్డాఫీసులో పెద్దాయన లీగల్‌ను అడిగి చెబుతానంటాడు. లీగల్ వాళ్లు రేపు పొద్దున మీటింగ్ పెడదాం, అప్పటిదాకా ఎవరూ నోరు విప్పకండి అంటారు. ఏడూ యాభైకి విలేకరి మళ్లీ చేస్తాడు. ఈసారి పీఆర్ మనిషి ఫోన్ ఎత్తదు. చెప్పడానికి ఏమీ లేదు మరి. మర్నాడు జిల్లా పేజీలో మూడు కాలాల వార్త, చచ్చిన చేపల ఫొటో, చివర్లో తెలుగు పత్రికలు చదివే ప్రతివాళ్లకీ కంఠతా వచ్చిన ఆ వాక్యం: "ఈ విషయమై కంపెనీ ప్రతినిధులను వివరణ కోరేందుకు ప్రయత్నించగా వారు అందుబాటులోకి రాలేదు."

ఆ వాక్యం డెస్కులో నేను చాలాసార్లు రాశాను. రాసేటప్పుడు ఎవరి మీదా కోపం ఉండేది కాదు. ఖాళీ ఉన్న చోట అది పెట్టాల్సిందే, అంతే. కానీ పాఠకుడు దాన్ని మరోలా చదువుతాడు. తప్పు చేశారు కాబట్టే దాక్కున్నారు అనుకుంటాడు. ఆ వాగు పక్క ఊళ్లో ఉన్నవాడైతే అలా అనుకోవడానికి అతనికి పూర్తి హక్కుంది.

ఆ యాభై నిమిషాల్లో ఏం చెప్పొచ్చు? అన్నీ తెలియనక్కర్లేదు. ప్లాంటు నుంచి నీళ్లు బయటికి వదిలారా లేదా, ఇప్పుడు ఆపారా లేదా, పొల్యూషన్ బోర్డుకు చెప్పారా లేదా, వాగు నీళ్ల శాంపిల్ తీశారా, ఎప్పటికి రిపోర్టు వస్తుంది. ఈ నాలుగైదు సంగతుల్లో తెలిసినవి చెప్పి, తెలియనివి తెలియవని చెప్పి, "రేపు పదకొండింటికి మళ్లీ నేనే ఫోన్ చేస్తాను" అని మాటిచ్చి, పదకొండింటికి నిజంగా ఫోన్ చేస్తే చాలు. వార్త ఆగదు, ఆగకూడదు కూడా. కానీ ఆ విలేకరి ఫోనులో మన నంబరు పక్కన ఒక గుర్తు పడుతుంది: ఈవిడ చెబుతుంది అని. నా దృష్టిలో మీడియా రిలేషన్స్ అంటే ఆ గుర్తే. అది పడాలంటే మాత్రం ప్లాంట్ మేనేజరు ఫోన్ ఎత్తాలి. ఆయన ఎత్తాలంటే, చేపలు చావని మామూలు రోజుల్లో మనం ఆ ప్లాంటుకు వెళ్లి, ఆయన ఇచ్చిన హెల్మెట్ పెట్టుకుని, వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఈటీపీ చుట్టూ తిరిగి, ఆ పంపులేంటో ఆ ట్యాంకులేంటో ఆయన్నే అడిగి తెలుసుకుని ఉండాలి.

మండలం విలేకరి అంటే నగరంలోని పీఆర్ వాళ్లలో చాలామందికి చులకన. బంజారాహిల్స్ హోటల్లో ప్రెస్ మీట్ పెట్టి, బిజినెస్ పేజీ వాళ్లను పిలిచి, నాలుగు ఇంగ్లిష్ పేపర్లలో వస్తే పని అయిపోయిందనుకుంటారు. మన తెలుగు పత్రికలు ఎలా పెరిగాయో తెలియకపోవడం వల్ల వచ్చిన ధోరణి ఇది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో ప్రతి జిల్లాకూ విడిగా పేజీలు తెచ్చింది. ఊరి బోరింగు చెడిపోయిన సంగతి, బడి గోడ కూలిన సంగతి పేపర్లో రావడం అప్పటి నుంచి మామూలైంది. 2008 మార్చిలో సాక్షి వచ్చినప్పుడు ఒకేరోజు 23 ఎడిషన్లతో వచ్చింది. ఇదంతా ఎవరి భుజాల మీద నిలబడింది? మండలానికి ఒకరుగా ఉండే కంట్రిబ్యూటర్ల మీద. వాళ్లలో ఎక్కువమందికి జీతం లేదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి నెలాఖరుకు వచ్చే లైన్ అకౌంటే ఆదాయం. పెట్రోలు సొంతం, ఫోన్ సొంతం. పైగా చాలాచోట్ల యాడ్స్ టార్గెట్లు, చందాల టార్గెట్లు వాళ్ల నెత్తినే ఉంటాయి. మన ఫ్యాక్టరీ గేటు ముందు ఏం జరిగినా మొదట తెలిసేది ఆ మనిషికే. అతను రాసిందే జిల్లా పేజీకి, అక్కడి నుంచి మెయిన్ పేజీకి, టీవీ స్క్రోలింగుకి వెళుతుంది. మెయిన్ పేజీకి వచ్చాక ఎడిటర్ గారి నంబరు కోసం వెతికితే అప్పటికే ఆలస్యం.

గేటు దగ్గర అతన్ని సెక్యూరిటీ ఎలా చూస్తున్నాడో ఎప్పుడైనా గమనించండి. ప్లాంటులో ఏదో ప్రారంభోత్సవం, మంత్రి గారు వస్తున్నారు. టీవీ కెమెరాల బండ్లు నేరుగా లోపలికి వెళతాయి. బైకు మీద ఎండలో వచ్చిన కంట్రిబ్యూటర్‌ను మాత్రం ఐడీ చూపించమని, లిస్టులో పేరు లేదని, పక్కన నిలబడమని అంటారు. ఆ లిస్టు రాసేది పీఆర్ వాళ్లే. ఆ పేరు లిస్టులో ఉండాలి, లోపల అతనికో కుర్చీ ఉండాలి, మంచినీళ్లుండాలి. మంత్రి గారు రెండు గంటలు ఆలస్యమైతే ఆ సంగతి ముందే ఫోన్ చేసి చెప్పాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు.

మా వృత్తి మూలపురుషుల్లో ఒకడిగా చెప్పే ఐవీ లీ కథలో రెండు ముఖాలున్నాయి. క్లాసులో ఎక్కువగా మొదటిదే చెబుతారు. 1906 అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ రైలు వంతెన మీద పట్టాలు తప్పి నీళ్లలో పడింది. 53 మంది చనిపోయారు. అప్పటిదాకా రైల్వే కంపెనీల అలవాటు ప్రమాదాలను దాచిపెట్టడం. లీ ఆ కంపెనీ చేత పత్రికలకు ఒక ప్రకటన ఇప్పించాడు, విలేకరులను కంపెనీ ఖర్చుతోనే ప్రమాద స్థలానికి తీసుకెళ్లాడు. ప్రపంచంలో మొదటి ప్రెస్ నోట్‌గా చాలామంది దీన్నే చెబుతారు. ఇక్కడ నన్ను ఆకట్టుకునేది ప్రెస్ నోట్ కాదు. తలుపులు మూసుకునే అలవాటున్న కంపెనీ పెద్దల దగ్గర కూర్చుని, తెరవమని ఒప్పించాడు చూడండి, అదీ అసలు పని.

రెండో ముఖం ఎనిమిదేళ్ల తర్వాతది. 1914 ఏప్రిల్‌లో కొలరాడోలోని లడ్లోలో సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగింది. ఆడవాళ్లూ పిల్లలూ సహా సుమారు 20 మంది చనిపోయారు. గనుల యజమాని రాక్‌ఫెల్లర్ కుటుంబం తరఫున లీ బులెటిన్ల మీద బులెటిన్లు విడుదల చేశాడు. వాటిలో యూనియన్ నాయకుల జీతాల లెక్కలతో సహా తప్పుల తడకలు. తర్వాత విచారణ కమిషన్ ముందు, కంపెనీ ఇచ్చిన సమాచారం నిజమో కాదో మీరు కనుక్కున్నారా అని అడిగితే, కనుక్కోలేదని ఒప్పుకున్నాడు. మనిషి మారలేదు, తెలివీ తగ్గలేదు, విలేకరులతో పరిచయాలు ఇంకా పెరిగే ఉంటాయి. 1906లో లోపల చేసిన పని 1914లో చేయలేదు. పై నుంచి వచ్చిన కాగితాన్ని ప్రశ్నించకుండా బయటికి పంపాడు. అమెరికన్ పత్రికారంగం అతని పేరును ఎగతాళిగా తలుచుకోవడం మొదలైంది అక్కడి నుంచే.

కంపెనీ కాగితాన్ని ప్రశ్నించకపోవడం ఒక తప్పు. రిపోర్టరు ప్రశ్నను లోపలికి తీసుకెళ్లకపోవడం అంతకంటే పెద్దది. భోపాల్ సంగతి చూడండి. 1981 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ ప్లాంటులో ఫాస్జీన్ గ్యాస్ లీకై ఒక కార్మికుడు చనిపోయాడు. రాజ్‌కుమార్ కేస్వానీ అనే యువ విలేకరి దాన్ని పట్టుకుని నెలల తరబడి కూపీ లాగాడు. 1982లో తన చిన్న హిందీ వారపత్రిక 'రపట్'లో ఈ ఊరిని కాపాడండి అంటూ వరుసగా రాశాడు. భోపాల్ అగ్నిపర్వతం అంచున కూర్చుందని రాశాడు. 1984 జూన్‌లో జనసత్తా దినపత్రికలో మళ్లీ రాశాడు. అదే ఏడాది డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక ఏం జరిగిందో చెప్పక్కర్లేదు.

కేస్వానీ రాసింది కంపెనీకి చెడ్డపేరు తెచ్చే వార్త అని లెక్కగడితే, దాన్ని ఎలా అణచాలి, ఎలా ఖండించాలి అన్న ఆలోచనే వస్తుంది. అది తనిఖీ రిపోర్టు లాంటిదని చూసి ఉంటే? ఒక చిన్న పత్రిక నడిపే కుర్రాడు జీతం తీసుకోకుండా మీ ప్లాంటులో లోపాలు వెతికి పెడుతున్నాడు. ఆ ప్రశ్నలను ఇంజనీర్ల ముందు పెట్టి, "వీటికి జవాబు చెప్పేదాకా నేను ఏ ఖండనా రాయను" అనే ఒక్క పీఆర్ మనిషి చాలా కంపెనీలకు అవసరం. ఆ ఒక్కరితో భోపాల్ ఆగిపోయేదని నేను చెప్పలేను. కానీ మన ఉద్యోగం దేనికుందో తలుచుకున్నప్పుడల్లా నాకు రపట్ గుర్తొస్తుంది.

మన కాలంలో మ్యాగీ నూడుల్స్ వ్యవహారం ఇంకో పాఠం. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన శాంపిల్‌లో సీసం 17.2 పీపీఎం (పది లక్షల పాళ్లకు 17.2 పాళ్లు) ఉందని కోల్‌కతా ల్యాబ్ చెప్పింది. అనుమతించిన పరిమితి 2.5. 2015 మే నెలంతా టీవీల్లో, పేపర్లలో అదే గోల. దాన్ని తయారుచేసే నెస్లే కంపెనీ తన ఉత్పత్తి సురక్షితమని ప్రకటనలు ఇచ్చింది, వెబ్‌సైట్లో వివరణలు పెట్టింది. కానీ ప్రపంచస్థాయి సీఈవో పాల్ బుల్కే ఢిల్లీలో విలేకరుల ముందుకొచ్చింది జూన్ 5న. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిషేధ ఉత్తర్వు ఇచ్చింది కూడా ఆ రోజే. తర్వాత ఆగస్టులో బాంబే హైకోర్టు నిషేధాన్ని కొట్టేసి మూడు ల్యాబుల్లో మళ్లీ పరీక్షలు చేయించమంది. వాటిలో ఒకటి మన హైదరాబాద్‌లోనిదే. మూడింటిలోనూ సీసం పరిమితికి లోపలే ఉందని తేలి, నవంబరులో మ్యాగీ మళ్లీ దుకాణాలకొచ్చింది. అంటే కోర్టులో నిలబడగలిగే వాదన కంపెనీ దగ్గర ఉంది. అయినా వేల టన్నుల సరుకు తగలబెట్టుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకి జర్నలిస్టుల నంబర్లు లేకనా? నంబర్లు, ఏజెన్సీలు అన్నీ ఉంటాయి. నేను చదువుకున్న మేరకు అక్కడ లోపించింది, మొదటి వారంలోనే ఒక బాధ్యుడు వచ్చి కూర్చుని, రిపోర్టర్లు అడిగినన్ని ప్రశ్నలకు జవాబు చెప్పడం. అది పీఆర్ టీమ్ ఒక్కటే తీసుకునే నిర్ణయం కాదు. పైవాళ్ల చేత తీసుకునేలా చేయగలగాలి.

తప్పు చెప్పిన రోజు కూడా ఉంటుంది. 1982లో షికాగో చుట్టుపక్కల టైలనాల్ అనే నొప్పి మాత్రల్లో ఎవరో సయనైడ్ కలిపి ఏడుగురు చనిపోయినప్పుడు, వాటిని తయారుచేసే జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్లు మా ప్లాంటులో సయనైడే లేదని మొదట విలేకరులకు చెప్పారు. తర్వాత పరీక్షల ల్యాబులో కొద్దిగా వాడతారని తెలిసింది. ఆ సంగతి వాళ్లే బయటపెట్టారు. ఆ కంపెనీ మూడు కోట్లకు పైగా సీసాలు వెనక్కి తెప్పించిన సంగతే అందరూ చెబుతారు. నాకు మాత్రం ఈ చిన్న దిద్దుబాటే పెద్దదిగా కనిపిస్తుంది. నిన్న చెప్పింది తప్పని మనమే ముందు ఫోన్ చేసి చెబితే రిపోర్టరు మనల్ని తప్పుపట్టడు. అతని పేరు కింద అబద్ధం అచ్చయిపోయి, అది ఇంకో పేపరు చూసి తెలుసుకోవాల్సి వస్తే జన్మలో క్షమించడు.

ఇక రోజువారీ పని. ఇందులో పెద్ద సిద్ధాంతమేమీ లేదు, డెస్కులో కూర్చున్న మనిషి కష్టం తెలిస్తే చాలు. దూరపు జిల్లాల పేజీలు ముందు వెళతాయి, నగరం పేజీలు అర్ధరాత్రి దాకా నడుస్తాయి. కాబట్టి ఆదిలాబాదుకో శ్రీకాకుళానికో పనికొచ్చే నోట్ మధ్యాహ్నానికే అక్కడ ఉండాలి. నేను డెస్కులో ఉన్నప్పుడు సాయంత్రం ఏడింటికి ఇంగ్లిష్ పీడీఎఫ్ వచ్చేది. దాన్ని కాపీ చేయడానికి రాదు. తెలుగు చేసి టైపు చేయాలి, పేర్లు ఎలా పలుకుతారో తెలియదు. తెలుగులో పంపినవాళ్లదైనా ఫాంటు మారి అక్షరాలన్నీ చెదిరిపోయేవి. అదే సమయానికి ఎక్కడో బస్సు బోల్తా పడేది. ఏ నోట్ చెత్తబుట్టలోకి వెళ్లి ఉంటుందో మీరే చెప్పండి. మామూలు యూనికోడ్ తెలుగులో, వాట్సాప్‌లో నేరుగా కాపీ చేసుకునేలా పంపండి. మెయిల్లో కూడా పెట్టండి. ఫొటోలో ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఇంటిపేర్లతో, హోదాలతో రాయండి. మీ ఎండీ గారి పేరు ముందు "ప్రముఖ", "విశిష్ట", "అగ్రగామి" లాంటివి పెడితే సబ్ ఎడిటర్ మొదట చేసే పని వాటిని కొట్టేయడం.

అసలు నోట్‌లో మొదటి వాక్యం చూస్తే చాలు, రాసినవాళ్లకు లోపల ఎంత పలుకుబడి ఉందో తెలిసిపోతుంది. "సామాజిక బాధ్యతలో భాగంగా ఫలానా కంపెనీ చైర్మన్ గారి ఆధ్వర్యంలో నిర్వహించిన కార్యక్రమానికి విశేష స్పందన లభించింది" అని ఉంటే అది చైర్మన్ గారి కోసం రాసింది. "మూడు ఊళ్లకు ఎండాకాలం ట్యాంకర్ అవసరం తప్పింది" అని మొదలైతే పాఠకుడి కోసం రాసింది. రెండోది రాయాలంటే చైర్మన్ గారి పేరు నాలుగో వాక్యంలోకి వెళుతుంది. ఆ మాట ఆయనకు చెప్పి ఒప్పించాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు. నోట్ వార్తగా రాకపోతే రిపోర్టరు సహకరించలేదని రిపోర్టు రాస్తారు.

డబ్బు కవర్ల గురించి మాట్లాడకుండా దాటేయడం అన్యాయం. ప్రెస్ మీట్ అయ్యాక కిట్ బ్యాగులో కవరు పెట్టి ఇచ్చే అలవాటు మన దగ్గర ఉందని ఈ ఫీల్డులో తెలియనివాళ్లు లేరు. "వాళ్లే అడుగుతారండీ" అని పీఆర్ వాళ్లు, "ఇస్తుంటే వద్దనడం ఎందుకు" అని కొందరు విలేకరులు. ముందే చెప్పినట్టు, జీతం లేని మనిషి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. దానికి అతని యాజమాన్యం జవాబు చెప్పాలి. నేను మాత్రం కవరు ఇవ్వను, ఇచ్చే కంపెనీతో పనిచేయను. నైతికత ఒక కారణం. పక్కా వ్యాపార కారణం కూడా ఉంది. కవరు తీసుకుని రాసిన మంచి వార్తను డెస్కు నమ్మదు, ఊరు నమ్మదు. కవరు తీసుకోని విలేకరి ఆ రోజు నుంచి మనల్ని వేరే కళ్లతో చూస్తాడు. రేపు మనం నిజం చెప్పినా దాని వెనక ఏముందో అని వెతుకుతాడు.

2009 ఎన్నికల నాటి డబ్బు వార్తల (డబ్బు తీసుకుని వార్తల్లా వేసిన ప్రచారం) మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో సబ్ కమిటీ వేసింది. ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వాళ్లిచ్చిన 71 పేజీల నివేదికను పూర్తిగా బయటపెట్టడానికి కౌన్సిల్ ఇష్టపడలేదు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ అది జనానికి అందలేదు. అందులో దోషులుగా కనిపించేది పత్రికలు, రాజకీయ నాయకులే కాదు. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లాలో చూసే మధ్యవర్తులూ ఉన్నారు. మా వృత్తిలో చేరే ప్రతివాళ్లకీ ఆ నివేదిక చదివి రమ్మని చెబుతాను.

యాడ్స్ వద్దని నా ఉద్దేశం కాదు. అమృతాంజనం 1893లో, ఆంధ్రపత్రిక 1908లో, రెండూ బొంబాయిలో మొదలుపెట్టిన మనిషి ఒక్కరే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. వ్యాపారం డబ్బు, పత్రిక పక్కపక్కనే ఉండటం మనకు కొత్త కాదు. యాడ్ ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, యాడ్ అని కనిపించేలా ఇవ్వండి. ఆ తర్వాత "యాడ్ ఇచ్చాం కదా, ఈ వార్త ఎలా వేస్తారు?" అనే మాట మీ కంపెనీ నుంచి ఎవరి నోటా రాకుండా చూసుకోండి. నేను పనిచేసిన ఒక కంపెనీలో సరిగ్గా ఇదే జరిగింది. ఒక రిపోర్టరు కార్మికుల పీఎఫ్ బకాయిల మీద ప్రశ్నలు పంపితే, మా పెద్దాయన ఆ పత్రిక యాడ్స్ విభాగానికి ఫోన్ చేసి వార్త ఆపించారు. ఆ రాత్రి అందరూ నాకు అభినందనలు చెప్పారు. ఆ రిపోర్టరు తర్వాత నాతో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడాడు, కానీ ఇంకెప్పుడూ ముందుగా ఏదీ అడగలేదు. మా కంపెనీ గురించి ఏం రాసినా అచ్చయ్యాకే నాకు తెలిసేది. పీఎఫ్ బకాయిలు మాత్రం అలాగే ఉన్నాయి, కార్మికులు కోర్టుకెళ్లారు, అప్పుడు అన్ని పేపర్లూ రాశాయి.

ఇంకో ద్రోహం ఉంది, చాలామంది దాన్ని తెలివి అనుకుంటారు. ఒక రిపోర్టరు వారాల తరబడి తవ్వి ఒక కథనం తయారు చేసుకుని మన వివరణ కోసం ప్రశ్నలు పంపుతాడు. మనవాళ్లు అతనికి జవాబివ్వకుండా, అదే సాయంత్రం అన్ని పేపర్లకూ, ఛానళ్లకూ మెత్తని మాటలతో ఒక ప్రెస్ నోట్ వదులుతారు. అతని ఎక్స్‌క్లూజివ్ నీరుగారిపోతుంది. అతను ఆ రోజు తన బ్యూరో చీఫ్ దగ్గర ఎలా నిలబడి ఉంటాడో ఒక్కసారి ఆలోచించండి. ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబు వాళ్లకే చెందుతుంది. ఆఫ్ ది రికార్డ్ కూడా అంతే. మాట మొదలుపెట్టే ముందే "ఇది రాయకండి" అని అడిగి, అవతలివాళ్లు సరే అన్నాకే చెప్పాలి. అంతా చెప్పేసి, చివర్లో "ఇది ఆఫ్ ది రికార్డ్ అండీ" అంటే దానికి విలువ లేదు, అతను రాసినా తప్పు లేదు.

నా మాటలకు ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. "మీకు జీతమిచ్చేది కంపెనీ. మీరు లోపల విలేకరి తరఫున వాదిస్తే ఇక కంపెనీ తరఫున ఎవరు?" అని ఒక సీనియర్ నన్ను సూటిగా అడిగారు. నా జవాబు: నేను విలేకరి తరఫున వాదించడం లేదు. రేపు ఉదయం పేపరు తెరిచే కార్మికుడి భార్య, వాగు పక్క రైతు, షేర్లు కొన్న రిటైర్డ్ టీచర్ ఏమడుగుతారో ఇవాళ సాయంత్రమే అడుగుతున్నాను. ఆ ప్రశ్న లోపల వినపడితే కంపెనీకి సరిచేసుకునే సమయం దొరుకుతుంది. కంపెనీ రహస్యాలు నేను బయటపెట్టను. టెండర్ ధరలు, ఇంకా ప్రకటించని ఫలితాలు, ఉద్యోగుల సొంత విషయాలు ఎవరడిగినా చెప్పను, చెప్పలేనని సూటిగా అంటాను. రిపోర్టర్లు దాన్ని గౌరవిస్తారు. చెప్పలేనని అనడానికీ, అబద్ధం చెప్పడానికీ తేడా వాళ్లకు బాగా తెలుసు.

అందుకే ఇప్పుడు ఏ కంపెనీ పని ఒప్పుకునే ముందైనా కొన్ని విషయాలు కాగితం మీద రాయించుకుంటున్నాను. ప్రతి ప్లాంటులో, ప్రతి షిఫ్టులో నా ఫోన్ తప్పనిసరిగా ఎత్తే ఒక మనిషి పేరు, నంబరు. ఎండీని నేరుగా కలిసే హక్కు. "ఇప్పుడు తెలియదు, ఇన్ని గంటలకు చెబుతాం" అని ఎవరి అనుమతీ లేకుండా పత్రికలకు చెప్పే అధికారం. వార్త ఆపమని పత్రిక యాజమాన్యానికి గానీ, యాడ్స్ వాళ్లకు గానీ ఎవరూ ఫోన్ చేయకూడదన్న షరతు. చివరి రెండింటి దగ్గర కొన్ని కంపెనీలు వెనక్కి తగ్గాయి. ఆ పని వదులుకున్నాను.

ఒప్పుకున్న ఒక కంపెనీలో ప్లాంట్ మేనేజరుకు మొదట్లో ఇదంతా నచ్చలేదు. పేపరోళ్లకు నేనెందుకు జవాబు చెప్పాలి, నా పని ప్రొడక్షన్ కదా అనేవారు. ఈమధ్య ఆయనే ముందు ఫోన్ చేస్తున్నారు. మొన్న మధ్యాహ్నం చేసి, "మేడం, ఈటీపీలో ఒక పంపు ఆగింది. నీళ్లు బయటికి పోలేదు, హోల్డింగ్ ట్యాంకుకు మళ్లించాం. సాయంత్రానికి సరిచేస్తాం. ఎవరైనా అడిగితే మీకు తెలిసుండాలని చెబుతున్నా" అన్నారు. ఆ సాయంత్రమే మండలం విలేకరి అడిగాడు, వాసన వస్తోందని ఊళ్లో అంటున్నారట. ఉన్నదున్నట్టు చెప్పి, కావాలంటే పొద్దున వచ్చి చూసుకోమన్నాను. మర్నాడు జోన్ పేజీలో సింగిల్ కాలమ్ వార్త వచ్చింది. పంపు ఆగిన సంగతి, ఊరివాళ్ల ఫిర్యాదు, ఎన్నింటికి సరిచేశారన్నదీ, మూడూ ఉన్నాయి. పదింటికి అతను బైకు వేసుకుని ప్లాంటుకు వచ్చాడు. మేనేజరు గారే గేటు దాకా వెళ్లి లోపలికి తీసుకెళ్లారు.